జుట్టుకు పెట్టే ఇస్త్రీ: వేడి కంటే ముందు చూడాల్సింది తడి

కందుకూరు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆమెది నడుము దాకా ఉన్న ఒత్తైన, అలలు తిరిగిన జుట్టు. ఆరు నెలల క్రితం స్ట్రెయిట్‌నర్, అంటే రెండు వేడి పలకల మధ్య జుట్టును నొక్కి తిన్నగా చేసే సాధనం, కొనుక్కుని, వారంలో నాలుగైదు రోజులు, తలస్నానం చేసి తువ్వాలుతో తుడుచుకున్న వెంటనే 230 డిగ్రీల మీద పెట్టి వాడుతున్నారు. ఇప్పుడు కొసలు చీలిపోయాయి, వెంట్రుకల మీద అక్కడక్కడా తెల్లని చుక్కలు కనిపిస్తున్నాయి, దువ్వినప్పుడల్లా పొట్టి ముక్కలు రాలుతున్నాయి. రెండు నెలల్లో నిశ్చితార్థం ఉంది. వేడి ఎంత పెట్టుకోవాలి, ముందుగా కొబ్బరి నూనె రాసుకుంటే రక్షణ ఉంటుందా, ఇవన్నీ మానేసి పార్లరులో జుట్టును తిన్నగా చేసే కెరాటిన్ చికిత్స చేయించుకోవడం మేలా అని అడిగారు.

నేను నెల్లూరులో ఇరవై ఏళ్ళకు పైగా బ్యూటీ పార్లరు నడుపుతున్నాను. మీరు అడిగిన మూడు విషయాలకూ సమాధానం చెబుతాను గానీ, అంతకన్నా ముందు మీరు మాటవరసకు రాసి వదిలేసిన ఒక మాట దగ్గర ఆగాలి. "తువ్వాలుతో తుడుచుకున్న వెంటనే" అన్నారు కదా, మీ జుట్టుకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం ఆ మాటలోనే ఉంది. 230 డిగ్రీలు తప్పే, వారంలో నాలుగైదు రోజులు పెట్టడమూ తప్పే, కానీ తడి జుట్టు మీద పెట్టడం వాటన్నిటికన్నా పెద్ద తప్పు.

ఈ పొరపాటు మన ఇళ్ళల్లో ఎందుకు ఇంత మామూలుగా జరుగుతుందో నాకు తెలుసు. మనం దీన్ని కూడా ఇస్త్రీ అనే అనుకుంటాం. చొక్కాకు నీళ్ళు చల్లి, కాసేపు చుట్టిపెట్టి, ఆ చెమ్మ మీద పెట్టె నడిపితే మడత చక్కగా పోతుంది. పొడి బట్ట మీద ఎంత రుద్దినా పోదు. చిన్నప్పటి నుంచి చూసిన ఆ పద్ధతినే మనసు జుట్టుకు కూడా వర్తింపజేస్తుంది. బట్ట నేసినది కాబట్టి నీళ్ళు ఆవిరై పోగుల మధ్య సందుల్లోంచి పైకి లేస్తాయి. వెంట్రుకకు అలాంటి సందు లేదు. దాని పైపొర పెంకుటింటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి సర్దుకున్న పలుచని పొలుసులతో కప్పి ఉంటుంది. లోపల ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరి కావాల్సి వస్తే, అది మెల్లగా బయటికి పోయే దారి లేక పొలుసులను పైకి నెట్టి, లోపలి పీచును చీల్చుకుని బుడగ కడుతుంది.

నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. బాగా తడిసిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని లోపలికి పీల్చుకుని ఉంటుంది. తువ్వాలు పైనున్న నీటిని తీస్తుంది గానీ ఆ లోపలి నీటిని తీయలేదు. ఆ స్థితిలో రెండు వేడి పలకల మధ్య వెంట్రుకను నొక్కితే ఏం జరుగుతుందో సూక్ష్మదర్శిని కింద చూసినవారు దానికి "బబుల్ హెయిర్" అని పేరు పెట్టారు. వెంట్రుక లోపల వరసగా గాలిబుడగలు ఏర్పడి, అది స్పాంజి ముక్కలా బోలుగా మారుతుంది. 125 డిగ్రీలున్న సాధనాన్ని ఒక్క నిమిషం తడి జుట్టు మీద ఉంచినా ఇవి ఏర్పడతాయి. అంటే వేడి తగ్గించుకున్నంత మాత్రాన తడి జుట్టుకు రక్షణ లేదు. వెంట్రుక మీద కనిపిస్తున్న తెల్లని చుక్కలన్నారే, అవి చుండ్రు కాదు. పొలుసులు ఊడిపోయి, లోపలి పీచు చీపురు కట్టలా విచ్చుకున్న చోట్లు అవి. వెంట్రుక సరిగ్గా ఆ చుక్క దగ్గరే తెగుతుంది.

ఈ విషయం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పెళ్ళికూతురిని ముస్తాబు చేయడానికి తెల్లవారుజామున కల్యాణ మండపానికి వెళ్ళాను. మంగళస్నానం అప్పుడే అయింది, ముహూర్తానికి గంటన్నర కూడా లేదు, గది బయట పెద్దవాళ్ళు తొందర పెడుతున్నారు. ఆ అమ్మాయి జుట్టు పైన ఆరినట్టే ఉంది, చేత్తో పట్టుకుంటే మాత్రం చల్లగా తగిలింది. ఆ చల్లదనం తడి గుర్తని అప్పటికి నాకు తెలియదు. పలకలు మూయగానే చుయ్యిమన్న చప్పుడు వచ్చింది, తెల్లగా ఆవిరి లేచింది. "ఏందక్కా ఆ పొగ?" అని ఆ అమ్మాయి అడిగితే, నీరావిరేనమ్మా, ఏం కాదని చెప్పి పని కొనసాగించాను. ఆ పూట జుట్టు పట్టుకుచ్చులా జారింది. మూడు వారాల తర్వాత ఆమె మా పార్లరుకు వచ్చి, ముందువైపు పాయలు చెవి దగ్గరికి తెగిపోయి నిలబడి ఉండటం చూపించింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కానీ అది నా చేతి తప్పు. ఆ రోజు నుంచి ఈనాటి వరకు ఆ చప్పుడు వినిపిస్తే సాధనం పక్కన పెట్టేస్తున్నాను, మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు నేర్పేదీ అదే.

జుట్టు వేడికి ఎందుకు సాగుతుందో కొంచెం తెలుసుకుంటే, మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. వెంట్రుకలో ఎక్కువ భాగం కెరాటిన్ అనే మాంసకృత్తి. ఆ కెరాటిన్ పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాల్లో రెండు రకాలు మనకు ముఖ్యం. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, నీళ్ళు తగిలినా వేడి తగిలినా విడిపోతాయి, ఆరినప్పుడు లేదా చల్లారినప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్ళీ ముడిపడతాయి. రాత్రి తడి జుట్టుతో జడ వేసుకుని పడుకుంటే పొద్దునకు అలలు తేలడం ఇందువల్లే. రెండో రకం గంధకపు బంధాలు, అంటే డైసల్ఫైడ్ బంధాలు. పుట్టుకతో వచ్చిన ఉంగరాల ఆకారాన్ని నిలబెట్టేవి ఇవి, వీటిని విడదీయడానికి రసాయనాలు కావాలి. స్ట్రెయిట్‌నర్ చేయాల్సిందల్లా మొదటి రకం బంధాలను కాసేపు వదులు చేసి, జుట్టు తిన్నగా ఉండగా మళ్ళీ ముడిపడనివ్వడం. దానికి 230 డిగ్రీలు అవసరం లేదు. పొడిగా ఉన్న వెంట్రుక 150 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడి మాట వింటుంది. 220 దాటాక కెరాటిన్ నిర్మాణమే కరిగిపోవడం మొదలవుతుంది. నీటితో నిండిన వెంట్రుకలో ఆ కరిగే హద్దు 150 దరిదాపులకు దిగివస్తుంది. తడి మీద 230 పెట్టినప్పుడు మీరు బంధాలను వదులు చేయడం లేదు, పదార్థాన్నే వండుతున్నారు. కోడి ఈకలు కాల్చినప్పుడు వచ్చే వాసన మీ గదిలో ఎప్పుడైనా వచ్చి ఉంటే, అది కెరాటిన్‌లోని గంధకం కాలిన వాసన.

కాబట్టి మొదటి పని ఆరబెట్టడం, అదీ పూర్తిగా. వానాకాలంలో, అంటే మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, నడుము దాకా ఉన్న ఒత్తైన జుట్టు ఫ్యాను కింద నాలుగు గంటలైనా లోపల ఆరదు. ఎండాకాలంలో గంటన్నరకే ఆరుతుంది. పూర్వం మన పెద్దవాళ్ళు తలంటు పోసిన తర్వాత సాంబ్రాణి నిప్పుల మీద వెదురు గంప బోర్లించి, దాని మీద జుట్టు పరచి ఆరబెట్టేవారు. తక్కువ వేడి, ఎక్కువ దూరం, తీరిగ్గా కూర్చునే ఓపిక, మూడూ అందులో ఉన్నాయి. ఇప్పుడు ఆ పని డ్రయ్యరు చేస్తుంది, కానీ అదే నియమం పాటించాలి. డ్రయ్యరును జుట్టుకు 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకే చోట నిలపకుండా కదుపుతూ ఉంటే జుట్టు దగ్గర వేడి 50 డిగ్రీల లోపే ఉంటుంది. అదే డ్రయ్యరును 5 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే వేడి 95 డిగ్రీల దాకా పోతుంది. జానెడు కంటే కాస్త తక్కువ దూరం అని గుర్తుపెట్టుకుంటే చాలు. గంటల తరబడి తడిగా ఉంచడం కంటే ఈ విధంగా ఆరబెట్టడమే జుట్టుకు మంచిదని పరీక్షల్లో తేలింది, ఎందుకంటే నీటితో ఉబ్బిన స్థితిలో వెంట్రుక ఎక్కువసేపు ఉన్నకొద్దీ లోపలి పొరలను అతికించే పదార్థం దెబ్బతింటుంది.

ఆరిందో లేదో కంటితో తెలియదు. మెడ వెనక భాగంలో, జుట్టు ఒత్తుగా ఉండే చోట, ఒక పాయను తీసి పై పెదవికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. గోరువెచ్చగా గానీ, ఏమీ తెలియకుండా గానీ ఉంటే ఆరినట్టు. వేళ్ళ కంటే పెదవికి ఈ తేడా బాగా తెలుస్తుంది. అనుమానం ఉంటే ఇంకో పావుగంట ఆగండి. వీలైతే ముందురోజు తలస్నానం చేసి మర్నాడు స్ట్రెయిట్‌నర్ పట్టడం అన్నిటికన్నా మేలైన పద్ధతి, నేను పెళ్ళికూతుళ్ళందరికీ ఇప్పుడు ఇదే చెబుతున్నాను. మంగళస్నానం నాడు తల మీద పసుపు నీళ్ళు చల్లుకుని, తలంటు ముందురోజే ముగించుకోమని పెద్దవాళ్ళకు నేనే నచ్చజెబుతాను, దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

ఇక మీరు అడిగిన మొదటి విషయం, వేడి ఎంత అన్నది. ముందుగా మీ సాధనం మీద అంకె సెల్సియస్‌లో ఉందో ఫారెన్‌హీట్‌లో ఉందో చూసుకోండి. 450 అని చూపిస్తే అది ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో 232. 180 సెల్సియస్ కావాలంటే ఫారెన్‌హీట్‌లో 356 పెట్టాలి. అంకె చూపించకుండా ఒక ఎర్ర దీపం మాత్రమే వెలిగే సాధనాలు ఉంటాయి, అవి ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, లోపల వేడి 150 ఉందో 220 ఉందో దాన్ని పట్టుకున్నవారికి తెలిసే దారి లేదు. పలకల పైపూత పెచ్చులూడిన సాధనాన్ని కూడా పక్కన పెట్టేయండి, ఊడిన చోట వేడి ఎక్కువై, అంచు వెంట్రుకను గీరుతుంది. సన్నని జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 130 నుంచి 150 చాలు. మామూలు జుట్టుకు 160 నుంచి 175. మీలాంటి ఒత్తైన, మొండి జుట్టుకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు 185 దాకా వెళ్ళవచ్చు. దానికి పైన ఉన్న అంకెలు ఇంట్లో వాడాల్సిన అవసరం ఎవరికీ లేదని నా గట్టి అభిప్రాయం. మీ జుట్టు ఇప్పుడున్న స్థితిలో 150 దాటవద్దు.

మీ జుట్టుకు సరిపోయే అంకె ఏదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది, దీన్ని తల మీద చేయాల్సిన పని లేదు. స్టీలు సామాన్లకు ఇద్దామని చిక్కు వెంట్రుకలను కవరులో దాచిపెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉంది. ఒక వారం పాటు మీ దువ్వెనకు వచ్చిన పొడుగు వెంట్రుకలను చిక్కు లేకుండా తీసి, ఇరవై ముప్ఫై పోగయ్యాక ఒక చివర దారంతో గట్టిగా కట్టండి. 130 దగ్గర మొదలుపెట్టి, ఒక్కసారి పలకలు నడిపి, చల్లారనిచ్చి చూడండి. అల పోకపోతే 10 డిగ్రీలు పెంచండి. ఒక్క నడకకు అల పోయిన మొదటి అంకె మీది, అక్కడి నుంచి ఒక్క డిగ్రీ కూడా పైకి వెళ్ళనక్కరలేదు. ఆ కట్టనే తడిపి, వేడి పలకల మధ్య ఒకసారి నొక్కి, ఆరాక వేళ్ళ మధ్య లాగి చూస్తే, తడి మీద వేడి ఏం చేస్తుందో మీ కళ్ళతో మీరే చూస్తారు.

పలకలు నడిపే తీరులో కూడా చాలా ఉంది. చాలామంది పెద్ద పాయ తీసుకుని, గబగబా నాలుగైదు సార్లు పైనుంచి కిందికి లాగుతారు. పాయ లావుగా ఉన్నప్పుడు పలకలకు ఆనిన పై వెంట్రుకలు కాలుతాయి, మధ్యలోవి వంకరగానే ఉంటాయి. మధ్యవాటి కోసం మళ్ళీ మళ్ళీ లాగితే పైవాటికి ఐదింతల వేడి తగులుతుంది. పాయ రెండు వేళ్ళ వెడల్పు మించకూడదు, మందం దాని వెనక మీ వేలు నీడగా కనిపించేంత పలచగా ఉండాలి. జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి క్లిప్పులు పెట్టుకుని, మెడ దగ్గర కింది వరస నుంచి మొదలుపెట్టండి. ఒక చేత్తో సన్నపళ్ళ దువ్వెనను పాయలో ఉంచి, దువ్వెన ముందు నడుస్తుంటే దాని వెనకే పలకలు నడవాలి. చిక్కు ఉన్న చోట పలకలు ఆగిపోతాయి, ఆగిన చోటే జుట్టు మాడుతుంది, దువ్వెన ముందు ఉంటే ఆ ఆగడం ఉండదు. మాడుకు రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, క్షణానికి రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో నడపాలి. నడుము దాకా ఉన్న పాయకు దాదాపు అర నిమిషం పడుతుంది. గట్టిగా నొక్కి లాగవద్దు, పలకలు జుట్టును పట్టుకుంటే చాలు. ఒక్కసారి నడిపి వదిలేయండి. సరిగ్గా రాలేదనిపిస్తే, పూర్తిగా చల్లారాక, ఇంకొక్కసారి మాత్రమే.

చివరి నాలుగైదు అంగుళాల దగ్గర నేను పలకలను కొద్దిగా వదులు చేసి వేగం పెంచుతాను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, అంతకన్నా కాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే మీ జడ కొసన ఉన్న వెంట్రుక ఐదారేళ్ళ నాటిది. ఐదారేళ్ళ ఎండ, నీళ్ళు, దువ్వెన, రబ్బరు బ్యాండు అన్నిటినీ అది భరించింది. కుదుళ్ళ దగ్గర నిరుడు పుట్టిన వెంట్రుకకు పెట్టే వేడినే దానికీ పెట్టడం న్యాయం కాదు.

పాయను వదిలిన వెంటనే చేతితో సవరించడం, దువ్వడం, ముడి వేయడం చేయవద్దు. విడిపోయిన హైడ్రోజన్ బంధాలు చల్లారే క్షణాల్లోనే మళ్ళీ ముడిపడతాయి, ఆ క్షణాల్లో జుట్టు తిన్నగా వేలాడుతూ ఉండాలి. వెచ్చగా ఉండగానే రబ్బరు బ్యాండు పెడితే ఆ గాటు సాయంత్రం వరకు పోదు, దాన్ని పోగొట్టడానికి మళ్ళీ వేడి పెడతారు. ఒక పాయకు వేడి ఎన్నిసార్లు తగిలిందన్న లెక్క ఇలాంటి చిన్న తొందరల వల్లే పెరుగుతుంది.

కొబ్బరి నూనె సంగతి. కొబ్బరి నూనె జుట్టుకు చాలా మంచిది, దానికి ఆధారం కూడా ఉంది. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది కాబట్టి అది వెంట్రుక లోపలికి వెళ్ళగలదు, తలస్నానంలో మాంసకృత్తి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. కానీ ఆ మేలు తలస్నానానికి ముందు రాసినప్పుడు కలిగేది. ముందురోజు రాత్రి మధ్య నుంచి కొసల దాకా రాసుకుని, పొద్దున షాంపూతో గానీ కుంకుడుకాయతో గానీ కడిగేయండి. స్ట్రెయిట్‌నర్ పట్టే ముందు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. శుద్ధి చేయని కొబ్బరి నూనె 175 డిగ్రీల దగ్గర పొగలు కక్కుతుంది, పలకలకు అంటుకుని నల్లగా గడ్డకడుతుంది, కారి మెడ మీద పడితే బొబ్బ లేస్తుంది.

వేడికి ముందు రాసేవి వేరే ఉన్నాయి, హీట్ ప్రొటెక్టెంట్ అని అమ్ముతారు. సీసా వెనక పదార్థాల పట్టికలో డైమెథికోన్, అమోడైమెథికోన్ వంటి సిలికోన్ల పేర్లు ఉంటే అది ఆ పనికి తగినది. ఇవి వెంట్రుక చుట్టూ పలచని పొరగా ఏర్పడి, వేడి ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా లోపలికి వెళ్ళేలా చేస్తాయి, పలకల రాపిడిని తగ్గిస్తాయి. వేడిని పూర్తిగా ఆపవు, 230 డిగ్రీలను 150గా మార్చవు. ఇక్కడ కూడా మళ్ళీ తడి గొడవే వస్తుంది. వీటిలో చాలావరకు నీళ్ళలో కలిపిన స్ప్రేలు. పొడి జుట్టు మీద కొట్టి వెంటనే పలకలు మూస్తే, ఎంతో జాగ్రత్తగా ఆరబెట్టిన జుట్టును చేతులారా మళ్ళీ తడిపినట్టే, చుయ్యిమన్న చప్పుడు ఇక్కడా వినిపిస్తుంది. అందుకని స్ప్రేను తలస్నానం తర్వాత చెమ్మ జుట్టుకే కొట్టి, దువ్వి, ఆ తర్వాత పూర్తిగా ఆరబెట్టండి. సీరమ్ రూపంలో ఉన్నదైతే శనగగింజంత అరచేతిలో రుద్దుకుని ఆరిన జుట్టుకు రాసుకోవచ్చు.

మీరు కందుకూరు అన్నారు కాబట్టి నీళ్ళ గురించి కూడా చెప్పాలి. మీ వైపు వాళ్ళకు బోరు నీళ్ళ కష్టం తెలియనిది కాదు. కనిగిరి వైపు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, జుట్టు విషయంలో మనం చూడాల్సింది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆ నీళ్ళలో పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, బక్కెట్టు లోపల తెల్లగా పేరుకుంటుంది. బక్కెట్టుకు పట్టేది జుట్టుకూ పడుతుంది. లవణాలు పేరుకున్న పొలుసులు గరుకుగా పైకి లేచి ఉంటాయి, పలకలు జారకుండా పట్టుకుంటాయి, జుట్టు మొండికేసిందనుకుని మనం వేడి పెంచుతాం. మీ ఇంట్లో నీళ్ళు అటువంటివైతే, చివరగా రెండు చెంబుల మంచినీళ్ళు, అంటే క్యాను నీళ్ళు, పోసుకుని ముగించండి. రెండు వారాలకోసారి లీటరు మంచినీటిలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి జుట్టు మీద పోసుకుని, రెండు నిమిషాలాగి కడిగేయండి. నెలకొకసారి ఈడీటీఏ ఉన్న షాంపూ వాడితే పేరుకున్నది కరుగుతుంది. ఇది చేసిన చాలామందికి, అంతకు ముందు 190కి లొంగని జుట్టు 165కే లొంగడం నేను చూశాను.

తిన్నగా చేసిన జుట్టు ఎంతసేపు నిలుస్తుందన్నది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. మైపాడు బీచికి వెళ్తూ స్ట్రెయిట్‌నర్ పట్టి పంపమని అడిగే పిల్లలకు నేను జడే వేసి పంపుతాను, సముద్రపు గాలికి హైడ్రోజన్ బంధాలు గంటలో విడిపోతాయి, ఆ వేడి అంతా వృథా. మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి గాలిలో అదే జుట్టు రెండు రోజులు నిలుస్తుంది. ఇంకొకటి, మల్లెపూలు. పూలమ్మే ఆమె తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన మూరను అలాగే తలలో పెట్టుకుంటే, అది ఆనిన చోటల్లా అరగంటలో అల తేలుతుంది. పూలను పొడిగుడ్డ మీద పది నిమిషాలు పరిచి, తడి ఆరాక పెట్టుకోండి. వాడిపోతాయని భయపడనవసరం లేదు.

మూడో ప్రశ్న, కెరాటిన్. ఇప్పుడున్న జుట్టుకు నేనైతే చేయను, మీరు అడిగినా చేయను. పేరు కెరాటిన్ అయినా, అలాంటి అనేక చికిత్సల్లో పని చేసేది ఫార్మాల్డిహైడ్ లేదా వేడి చేసినప్పుడు దాన్ని వదిలే పదార్థాలు. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం సురక్షితమని చెప్పి అమ్మారు, కానీ దాన్ని వాడాక మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక యువతి గురించి ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రచురించారు. పైగా ఆ పూత అంటించడానికి 200 డిగ్రీలు దాటిన పలకలను ఒక్కో పాయ మీద అనేకసార్లు నడుపుతారు. జుట్టును తిన్నగా చేసే మరో పార్లరు చికిత్స రీబాండింగ్ అయితే గంధకపు బంధాలనే రసాయనంతో తెంచి మళ్ళీ కలుపుతుంది. తెల్లచుక్కలు పడిన జుట్టు వీటిలో దేన్నీ తట్టుకోలేదు.

చీలిన కొసల గురించి నిజం చెప్పాలి. వెంట్రుక మాడు దాటి బయటికి వచ్చాక అందులో ప్రాణం ఉండదు, తనంతట తాను మానదు. ఏ సీరమ్ అయినా చీలికను ఒక పూట అతికించినట్టు కనిపించేలా చేస్తుంది, తర్వాతి తలస్నానంతో అది పోతుంది. కత్తిరించడమే మందు. ఆలస్యం చేస్తే చీలిక పైకి పాకుతుంది. ఎంత కత్తిరించాలో తెలియాలంటే, ఒక వెంట్రుకను తడిపి రెండు చేతులతో మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉన్నది కొంచెం సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. సాగి అలాగే జీళ్ళపాకంలా ఉండిపోయినా, సాగకుండానే పుటుక్కున తెగినా, ఆ భాగం పోయినట్టే. కొస నుంచి పైకి ఈ విధంగా చూసుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

రాలుతున్న జుట్టును కూడా ఒకసారి పరీక్షగా చూడండి. పొట్టి ముక్కలై, రెండు చివరలా ఏమీ లేకపోతే అది తెగినది, ఇప్పటిదాకా చెప్పినదంతా దానికి వర్తిస్తుంది. పొడుగు వెంట్రుకే ఊడి, ఒక చివర ఆవగింజ కన్నా చిన్నదైన తెల్లటి గుబ్బ ఉంటే అది కుదురు నుంచి వచ్చినది. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రావడం సహజం. అంతకు మించి వస్తుంటే స్ట్రెయిట్‌నర్‌ను తప్పు పట్టి లాభం లేదు, రక్తహీనతో థైరాయిడో ఉందేమో చర్మవైద్యులకు చూపించుకుని పరీక్షలు చేయించుకోవాలి.

ఒక చిన్న జాగ్రత్త కూడా చెబుతాను. చెవి అంచు, మెడ, నుదురు కాలడం చాలా మామూలుగా జరుగుతుంది. కాలితే పేస్టు, నెయ్యి, వెన్న రాయకండి, కుళాయి కింద పారే మామూలు నీటిలో 20 నిమిషాలు ఉంచండి. ఐస్ పెట్టవద్దు. పని కాగానే ప్లగ్గు తీసి, చల్లారేదాకా పరుపు మీద కాకుండా గట్టు మీద, చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి.

మీ నిశ్చితార్థానికి రెండు నెలలుంది కదా. ఈ వారంలో కొసలు కత్తిరించుకోండి, మీరు రాసినదాన్ని బట్టి రెండు మూడు అంగుళాలు పోవచ్చు, నడుము దాకా ఉన్న జుట్టులో అది ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆరు వారాలు స్ట్రెయిట్‌నర్‌ను పూర్తిగా పక్కన పెట్టండి. వారానికి రెండుసార్లు తలస్నానం, ప్రతి తలస్నానానికి ముందు రాత్రి కొబ్బరి నూనె, తర్వాత కొసలకు కండిషనర్, పెద్ద పళ్ళ దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీయడం, ఇంతే. వేడుకకు ఒక వారం ముందు, పోగు చేసిన వెంట్రుకల కట్ట మీద 130 నుంచి మొదలుపెట్టి మీ అంకె తేల్చుకోండి. ముందురోజు పొద్దున తలస్నానం చేసి, స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరబెట్టి, వదులుగా జడ వేసుకుని పడుకోండి. ఆ రోజు పొద్దున పెదవికి ఆనించి చూసుకుని, చల్లదనం లేదని తేలాక, పాయకు ఒక్క నడక చొప్పున నడపండి. మీ జుట్టుకు అంతా కలిపి ముప్పావు గంట పడుతుంది, ఆ సమయం ముందే పక్కన పెట్టుకోమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఆ తర్వాత మీరు ఎప్పుడు వాడుకున్నా పది రోజులకు ఒకసారి మించకుండా చూసుకోండి. కత్తిరించాక కొసలు ఎలా ఉన్నాయో, తడిపి లాగిన వెంట్రుక ఎంత సాగిందో రాస్తే, 150 నుంచి పైకి వెళ్ళవచ్చో లేదో అప్పుడు చెబుతాను.